గుర్రం కూరకు నూటికి నూరు

"మన గుర్రం మాంసం కూర అంతరించిపోతోంది. దాన్ని యూరప్ వారసత్వ జాబితాలో ఎక్కించేదాకా నిద్రపోను" అని మాల్టా సంస్కృతి మంత్రి ఫెలిచ్ షెర్రి గారు మా ఊరు సిజ్జీవిలో చర్చి మెట్ల మీద ప్రకటించారు. బ్యాండు మోగింది. నేనూ చప్పట్లు కొట్టాను. మంత్రిగారంటే నాకు మొదట్నించీ గురి.

మా ఊళ్ళో ఆ కూర వండేది కార్మ్నా. రెడ్ వైన్లో వెల్లుల్లి వేసి నాలుగు గంటలు సన్నసెగ మీద ఉడికిస్తుంది. మొగుడు పోయాక ఆవిడకు ఆ హోటలే ఆధారం. నాకైతే శనివారాలన్నిటికీ అదే.

నెల తిరక్కుండా దరఖాస్తు వెనక్కొచ్చింది. మంత్రిగారికి పి.ఎ. చదివి వినిపించాడు.

"దేశంలో ఇంకా నాలుగు హోటళ్ళు వండుతున్నాయట సార్. ప్రమాదం చాల్లేదని నలభై మార్కులే వేశారు."

"ఎన్ని రావాలి?"

"తొంభై."

మంత్రిగారు కార్యశూరులు. మర్నాడే తనిఖీవాళ్ళు బయల్దేరారు. ఒక హోటల్లో పగిలిన టైలు దొరికింది. రెండోదానికి కిటికీ ఎత్తు చాల్లేదు. మూడోదాంట్లో ఏ తప్పూ దొరకలేదు; అది అనుమానాస్పదంగా ఉందని మూసేశారు. మార్కులు ఎనభై అయిదుకి చేరాయి.

అప్పుడు మంత్రిగారు స్వయంగా కార్మ్నా హోటలుకొచ్చి రెండు ప్లేట్లు తిన్నారు. మిగిలిన పులుసు రొట్టెముక్కతో తుడిచి నోట్లో వేసుకున్నారు.

"అయిదు మార్కులు తక్కువయ్యాయి కార్మ్నక్కా."

"మా ఆయన ఫోటో పక్కన మీ ఫోటో పెట్టుకున్నదాన్ని సార్. నా హోటలే కావాల్సొచ్చిందా?"

"అందుకేగా వచ్చింది. పరాయివాళ్ళనైతే అడగ్గలనా?"

"జాబితాలో ఎక్కగానే తాళాలు ఇచ్చేస్తారుగా?"

"మొదటి ప్లేటు నాకే."

ఆవిడ కళ్ళొత్తుకుని తాళాలిచ్చింది. దేశం కోసం కదా.

జవాబొచ్చిన రోజు ఆవిడతో పాటు నేనూ మంత్రిగారి ఆఫీసుకెళ్ళాను. పి.ఎ. గొంతు సవరించుకున్నాడు.

"నూటికి నూరు వేశారు సార్. అయితే వండేవాళ్ళు ఒక్కరూ లేరు గనక అంతరించిపోయినట్టు నమోదు చేసుకున్నారట. అంతరించినవాటిని జాబితాలో చేర్చరట."

"పోనిద్దురూ. నా తాళాలిప్పించండి, రేపే పొయ్యి వెలిగిస్తాను" అంది కార్మ్నా.

"తప్పక్కా. అంతరించిందని యూరప్ అంతా రాసుకున్నాక నువ్వు వండితే, దేశం అబద్ధమాడినట్టు కాదూ?"

కార్మ్నా మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

మంత్రిగారు మాత్రం డీలా పడే మనిషి కాదు. పి.ఎ. వైపు తిరిగారు.

"కుందేలు కూర వండే హోటళ్ళెన్ని?"

"రెండొందల పైమాటే సార్."

"ఈసారి ఒకటి మిగలనివ్వండి."