గీత పడని పేరు

బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు దాటిన కార్లను డబ్బుకు అమ్మరు, మాటలకు అమ్ముతారు. కొనేవాడు ఏ మాట ఇచ్చేస్తే ఆ మాట ఇక జన్మలో వాడి నోట పలకదు. పలకబోతే గాలి వస్తుంది. ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు. మాట ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్తా? ఆటోనగర్ వాళ్లు దానికొక కౌంటరూ, మూడు కాపీల ఫారమూ పెట్టారు, అంతే.

అన్ని మాటలకూ ఒకే ధర ఉండదు. మదింపు ఆఫీసులో ఇత్తడి గరాటు ఒకటి ఉంటుంది. మాటను అందులోకి పలికితే ఎంత అరిగిందో ముల్లు చూపిస్తుంది. ఎన్నికలప్పుడు మోజుపడి వచ్చే నాయకులు 'అభివృద్ధి' అనే మాట తెస్తుంటారు. దాన్ని గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. మూడో రోడ్డులో ఒక మెకానిక్ పాత జీపు కోసం 'రేపు' అనే మాట ఇచ్చేశాడు. పాపం, ఏ బండినైనా ఆ రోజే ఇచ్చేయాల్సి రావడంతో నెల తిరక్కుండానే మంచం పట్టాడు.

పూర్ణచంద్రరావు నలభై ఏళ్లు అదే ఆటోనగర్‌లో పరాయివాళ్ల కార్లకు రంగు కొట్టి, కళ్లు మసకబారాక మానేసినవాడు. అతను మనసు పడింది ఒక కాంటెస్సా మీద. పొడుగాటి మూతి, వెడల్పాటి ఒళ్లు, పహిల్వాన్ బండి. పెళ్లయిన నెలకి దానికి మెరూన్ రంగు కొట్టింది అతనే. అప్పుడది ఒక రైసుమిల్లు యజమానిది. రంగు ఆరిందో లేదో చూస్తానని చెప్పి, కొత్త పెళ్లాం సామ్రాజ్యాన్ని ఎక్కించుకుని బ్యారేజీ మీద ఒక చుట్టు తిప్పాడు.

"ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలవవే" అన్నాడు బ్యారేజీ మధ్యలో.

"అమ్మో! మొగుడి పేరా? ఎవరైనా వింటే?"

"కారులో ఎవరుంటారే?"

ఆమె సిగ్గుతో కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఈ కారు మనదైన రోజు పిలుస్తాలెండి, మాటిస్తున్నా" అంది. అయ్యేది కాదు కదా అని. అతను మాత్రం ముప్పై ఆరేళ్లు ఆ సంగతి మరిచిపోలేదు.

చివరికి ఆ కాంటెస్సా మస్తాన్ వలీ షెడ్డు వెనక తుప్పు పట్టిపోయి కనిపించింది. మస్తాన్ నిజాయితీ గల మెకానిక్. బేరానికి ముందు పూర్ణచంద్రరావును బండి కింద పడుకోబెట్టి అన్నీ చూపించాడు.

"ఇదిగో అన్నా, అడుగు రేకు పోయింది. ఛాసిస్ నంబరు కాగితాలతో కలిసింది, అదొక్కటే అదృష్టం. బండికిచ్చేది ఒక వంతు, దాన్ని బతికించడానికి ఇచ్చేది మూడు వంతులు. నోట్లో అన్ని మాటలున్నాయా?"

"ఉన్నాయిలేరా. అరవై ఏళ్లుగా వాగుతూనే ఉన్నాగా!"

బండికి పదకొండు మాటలిచ్చాడు. మొదటిది 'బావమరిది', సంతోషంగా ఇచ్చాడు. అడుగు రేకుకి 'పేకాట', ఇంజనుకి 'పులిహోర', 'సినిమా', ఇంకా పదిహేడు పోయాయి. ఏడాది తిరిగేసరికి అన్నం దగ్గర "ఆ పసుపుది కొంచెం వెయ్యి" అని వేలు చూపించే స్థితికి వచ్చాడు. సామ్రాజ్యం విసుక్కుంటూనే వడ్డించేది. పైకి చెప్పలేదు గానీ, ఆ మనిషి పిచ్చి చూస్తే ఆమెకు ముచ్చటగానే ఉండేది.

చివరకు ముందద్దం ఒక్కటి మిగిలింది. దేశమంతా వెతికితే ఒకే ఒకటి దొరికింది. దానికి గట్టి మాట కావాలని, నెలాఖరు శుక్రవారం లోపల కట్టకపోతే బండిని తుక్కు కోసేవాళ్లకు అప్పగిస్తామని ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పూర్ణచంద్రరావు దగ్గర గట్టి మాట ఒక్కటే ఉంది. వీధిలో మగాళ్లంతా పెళ్లాలను 'ఏమేవ్', 'ఇదిగో' అని పిలుస్తుంటే, అతనొక్కడే పొద్దున లేచింది మొదలు "సామ్రాజ్యం, కళ్లజోడేదీ? సామ్రాజ్యం, వానొచ్చేట్టుంది" అని పేరు పెట్టి పిలిచేవాడు. రోజూ వాడుతున్నా అణువంత అరగలేదని గరాటు ముల్లే చెప్పింది.

"అదివ్వన్రా. ఇంకేదన్నా అడగమను" అని మస్తాన్‌తో తెగేసి చెప్పి వచ్చాడు. మూడు వారాలు అదే మాట మీదున్నాడు.

కానీ గురువారం మధ్యాహ్నం సామ్రాజ్యం మంచం సర్దుతుంటే, దిండు కింద ఫారం కనిపించింది. ఇవ్వదలచిన మాట అన్న గడిలో 'సా' అని రాసి కొట్టేసి ఉంది. దాని కింద మళ్లీ 'సా' రాసి, మళ్లీ కొట్టేసి ఉంది. మూడోసారి 'సామ్రా' దాకా వచ్చి ఆగాడు. ఆమె ఫారాన్ని మళ్లీ దిండు కిందే పెట్టేసింది. ఇక రేపటి నుంచి తనను ఆయన కూడా 'ఏమేవ్' అంటాడన్నమాట. ఆ ఇంట్లో ఆ పిలుపు లేకుండా ఎలా తిరగాలో ఆమెకు తోచలేదు.

శుక్రవారం పొద్దున్నే, కూరగాయలకని చెప్పి ఆటో ఎక్కింది.

కౌంటర్లో గుమస్తా తలెత్తకుండా "ఏం మాట తెచ్చారమ్మా?" అన్నాడు.

"సరే" అంది.

"ఆడవాళ్ల 'సరే' తీసుకోవడం లేదమ్మా. బాగా అరిగిపోయి వస్తున్నాయి. ఇంకేమన్నా ఉందా?"

'పర్వాలేదు' చెప్పి చూసింది. ముల్లు కదల్లేదు. 'వద్దు' చెప్పింది. గుమస్తా కళ్లజోడు సర్దుకుని, "అబ్బో, దాదాపు కొత్తది. కానీ చిన్న మాటమ్మా, అద్దానికి చాలదు" అన్నాడు.

సామ్రాజ్యం అటూ ఇటూ చూసింది. వరండాలో ఎవరూ లేరు. కొంగు సర్దుకుని, గరాటుకు దగ్గరగా వంగి, జీవితంలో మొదటిసారి "పూర్ణచంద్రరావు" అంది. మాట చక్కగా వచ్చింది. వినడానికి ఎంతో బాగుందనిపించి, ఆమెకే ఒళ్లు ఝల్లుమంది.

ముల్లు చివరిదాకా వెళ్లి ఆగింది.

"వాడనే లేదు. గీత కూడా పడలేదు" అంటూ గుమస్తా ముద్ర వేశాడు. "మదింపు కోసం పలికింది వాడకం కిందకి రాదులెండి. లోపల గది నిండా ఇవేనమ్మా, మొగుళ్ల పేర్లు. అన్నీ సీలు విప్పనివే. మగాళ్లు తెచ్చే పెళ్లాల పేర్లు కూడా చాలామటుకు అంతే. ఇక్కడ వేలిముద్రా, సంతకమా?"

"సంతకమే" అంది సామ్రాజ్యం.

ఆదివారం కాంటెస్సా బయటికొచ్చింది. అద్దం సంగతి పూర్ణచంద్రరావు అడిగితే, మస్తాన్ మొహం తిప్పుకుని "ఎవరో దయగలవాళ్లు కట్టారన్నా" అన్నాడు. సంతోషంలో అతను రెట్టించలేదు. సామ్రాజ్యం పెళ్లినాటి చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. బ్యారేజీ మధ్యకు వచ్చాక అతను వేగం తగ్గించాడు.

"కారు మనదైంది సామ్రాజ్యం. నువ్వు నాకు మాటిచ్చావు."

"ఇచ్చానండీ" అంది.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు, ముందద్దం వైపు చూస్తోంది. అతనూ అద్దం వైపు చూశాడు. చూసి, కారు ఆపేశాడు.

"ఎప్పుడే?"

"శుక్రవారం పొద్దున."

"పలికావా?"

"పలికితేనే గదండీ తీసుకునేది. బాగానే వచ్చింది. గీత కూడా పడలేదన్నాడు."

పూర్ణచంద్రరావుకు కళ్లనీళ్లు ఆగలేదు. "నన్ను కూడా తీసుకెళ్లొచ్చు కదే. పక్కన నిలబడి వినేవాణ్ణిగా ఒక్కసారి!"

సామ్రాజ్యం తెల్లబోయి చూసింది.

"మీరెదురుగా ఉంటే ఎట్టా పలుకుతానండీ?"

వెనక హారన్లు మొదలయ్యాయి. కానిస్టేబులొకడు వచ్చి కిటికీలోకి వంగి, కాగితాలు ఆమె ఒళ్లో ఉండటం చూసి, "బండి ఎవరి పేరు మీదుందమ్మా?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచింది. గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. చివరికి గడ్డంతో భర్త వైపు చూపించింది.

కానిస్టేబుల్‌కి అందులో వింతేమీ కనపడలేదు. "పర్లేదులేమ్మా, మా ఇంట్లోనూ చెప్పరు" అని కాగితం మీదున్న పేరు తనే చదువుకుని, బండి తియ్యమన్నాడు.

పూర్ణచంద్రరావు కళ్లు తుడుచుకుని గేరు వేశాడు. అవతలి ఒడ్డు చేరేదాకా పనేమీ లేకపోయినా "సామ్రాజ్యం" అని పిలుస్తూనే ఉన్నాడు. పిలిచినప్పుడల్లా ఆమె "ఊఁ" అంది.