ఉద్దేశం లేని దెబ్బ

మనిషి విశ్రాంతి కోసం కనిపెట్టిన పనులన్నిటిలోకీ అత్యధికంగా కాగితాలు ఖర్చయ్యేది గోల్ఫ్ ఆటకేనని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. ఊరికే అనడం లేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా దస్త్రాల విభాగంలో పనిచేసి, అందులో పదకొండేళ్ళు సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుని, ఎంతోమందిని 'రేపు రండి' అని సాగనంపిన అనుభవంతో అంటున్నాను. (రేపు వచ్చినవాళ్ళను ఏం చేశానన్నది ఇక్కడ అప్రస్తుతం.)

నాకు గోల్ఫ్ అంటుకున్నది మా అమ్మాయి సంబంధం మాట్లాడుకున్న రోజున. కాబోయే వియ్యంకుడు కాఫీ కప్పు కింద పెట్టి, "మీరు గోల్ఫ్ ఆడతారా?" అని అడిగారు. గది నిండా వాళ్ళ తరఫువాళ్ళే. ఆడనని చెప్పడానికి నోరు రాలేదు. "ఏదో, తీరిక దొరికినప్పుడు" అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. తీరిక దొరికిందని నేను ఎక్కడా అనలేదు.

పెళ్ళి అయిపోయింది. ఏడాది తిరిగింది. వియ్యంకుడు మాత్రం ఆ మాట మరిచిపోలేదు. రెండు జంటలూ కలిసి అయిదు రోజులు విదేశంలో సెలవు గడిపేలా, అదీ గోల్ఫ్ మైదానాన్ని ఆనుకున్న హోటల్లో దిగేలా ఏర్పాటు చేశారు. దిగీ దిగగానే నా భుజం తట్టారు.

"శుక్రవారం పొద్దున మనిద్దరం ఆడుతున్నాం బావగారూ. వీడియో తీసి పిల్లలకి పంపిద్దాం."

గదిలోకి వచ్చేసరికి అమ్మాయి ఫోను.

"నాన్నా, మామయ్యగారు నీ ఆట గురించి ఇక్కడ అందరికీ చెప్పేశారు. నువ్వు నిజంగా ఆడతావా?"

"నీకెందుకమ్మా ఆ అనుమానం?"

"నువ్వు పరిగెత్తడం కూడా నేనెప్పుడూ చూడలేదు కదా, అందుకని."

"గోల్ఫులో పరిగెత్తరు" అని, ఆ ఆట గురించి నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి చెప్పి ఫోను పెట్టేశాను. నిజం చెప్పాలంటే భయం వేసింది. నా పరువు సంగతి నాకు అలవాటే, అది వస్తూ పోతూ ఉంటుంది. పిల్ల మాత్రం ఆ ఇంట్లో కాపురం చెయ్యాలి. ఎవరైనా 'మీ నాన్నగారు' అని ఓ చిన్న నవ్వు నవ్వి ఊరుకుంటే, దానికి తిరిగి అనడానికి ఏమీ ఉండదు.

కాబట్టి సోమవారం మధ్యాహ్నం, వియ్యంకుడూ వియ్యపురాలూ కునుకు తీస్తున్న సమయం చూసి, నడకకని చెప్పి మా ఆవిడతో సహా బయలుదేరాను. ఆరంభకుల విభాగం పెద్ద భవనం వెనక, గడ్డి కోసే యంత్రాలు పెట్టే షెడ్డు పక్కన ఉంది. ఒక గది, మూడు కౌంటర్లు, ఒకే ఒక అధికారిణి. మొదటి కౌంటర్లో ఆవిడ నా పేరు రాసుకుని, రెండో కౌంటరుకు వెళ్ళమంది. నేను వెళ్ళేలోపు తనే వచ్చి అక్కడ కూర్చుంది. కాగితాలు పరిశీలించి, మూడో కౌంటరుకు పంపింది. అక్కడా తనే.

"మిమ్మల్ని ఎవరు పంపారు?" అని అడిగింది.

"మీరే."

"అది తెలుసు. ఏ కౌంటరు నుంచి?"

నాకు కళ్ళు చెమర్చాయి. పరాయి దేశంలో సొంత మనిషి దొరికినట్టయింది. (ఆవిడ మాట్లాడింది వాళ్ళ భాషే అయినా, ఆ వరస నాకు బాగా పరిచయం కావడంతో ఒక్క ముక్క కూడా పోలేదు.)

ఆ తరువాత ఫోనులో వాళ్ళ యాప్ ఎక్కించుకోవాలి. 'ఎన్నేళ్ళుగా ఆడుతున్నారు?' అని అడిగింది యాప్. జవాబులు మూడేళ్ళ దగ్గర మొదలవుతున్నాయి. నేను నిన్నటిదాకా కర్ర కూడా చూడలేదని మనవి చేసుకున్నాను. "మూడు అని నొక్కండి. ఆరంభకులందరూ అదే నొక్కుతారు" అంది అధికారిణి. నొక్కాను. 'మూడేళ్ళు ఆడి కూడా ఆరంభకుడిగా ఉండటానికి కారణం రాయండి' అని ఇంకో గడి తెరుచుకుంది. 'కుటుంబ బాధ్యతలు' అని రాశాను. మా ఆవిడ నా భుజం మీదుగా అది చదివి, కిటికీలోంచి గడ్డి యంత్రాలను చూడటం మొదలుపెట్టింది.

మంగళవారం చొక్కా కాలరు కొలిచారు. అది అర అంగుళం తక్కువ ఉండటంతో తాత్కాలిక కాలరు ధరించే అనుమతి కోసం దరఖాస్తు పెట్టాను. అనంతరం నిశ్శబ్ద పరీక్ష. ఎదుటివాడు బంతి కొట్టేటప్పుడు పక్కనున్నవాడు కదలకుండా, మాట్లాడకుండా నిలబడాలట. కాబట్టి అభ్యర్థిని పన్నెండు నిమిషాలు నిలబెట్టి గమనిస్తారు. నేను నూటికి నూరు తెచ్చుకున్నాను. "ఏమీ చెయ్యకుండా ఇంత చక్కగా నిలబడ్డవాళ్ళను నేను చూడలేదు" అని అధికారిణి మెచ్చుకుంది. నా సర్వీసులో ఎవరూ ఇంత నోరారా మెచ్చుకోలేదు.

బుధవారం అసలు పరీక్ష. తొమ్మిది గుంటలు. ఒక్కో గుంటలో బంతి పడేదాకా కొట్టాలి. ఎన్ని దెబ్బలు కొట్టామో కార్డు మీద వేసుకోవాలి. ఈ ఆటలో ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. ఎనభై ఒకటి దాటితే శుక్రవారం మైదానంలోకి అడుగు పెట్టనివ్వరు. దెబ్బలు లెక్కపెట్టడానికి ఒక సాక్షి కావాలి.

"మా ఆవిడ పనికొస్తుందా?" అని అడిగాను.

"ప్రత్యేకించి పనికొస్తారు" అంది అధికారిణి. "భర్త పొరపాట్లు లెక్కపెట్టడంలో ఇంతవరకూ ఏ భార్య లెక్కా తప్పలేదు. తిరిగి లెక్కపెట్టే పని కూడా మాకు తప్పుతుంది."

బంతిని పుల్ల మీద నిలబెట్టి, కర్ర పైకెత్తి, ఒక్క ఊపు ఊపాను. గాలి వీచింది. బంతి అక్కడే ఉంది.

"ఒకటి" అంది మా ఆవిడ, వేలి కణుపు మీద బొటనవేలు పెట్టి.

"తగల్లేదుగా?"

"తగల్లేదు. ఒకటి."

రెండో ఊపుకి మట్టిగడ్డ లేచి ఇరవై అడుగుల దూరంలో పడింది. బంతి దాన్ని చూస్తూ ఉండిపోయింది. "మట్టిని కూడా లెక్కలో వెయ్యాలా?" అని మా ఆవిడ దూరంగా ఉన్న అధికారిణిని కేకేసి అడిగింది. అక్కర్లేదట. మొదటి గుంటలో బంతి పడేసరికి ముప్పై ఒకటి అయ్యాయి. మా ఆవిడకు కణుపులు చాలక, లెక్క రెండో చేతికి మారింది. ఇంకా ఎనిమిది గుంటలున్నాయి.

అప్పుడు మేలుకున్నాడు నాలోని సూపరింటెండెంటు. ఆట ఆపి, మూడో కౌంటరుకు వెళ్ళి, నిబంధనల పుస్తకం అడిగి తీసుకున్నాను. అందులో నలభై నాలుగో పేజీలో నా పాలిట దేవుడు ఉన్నాడు. బంతిని కొట్టే ఉద్దేశంతో ఊపితే, తగిలినా తగలకపోయినా అది దెబ్బ. ఉద్దేశం లేకుండా ఊపితే అది కేవలం అభ్యాసం, లెక్కలోకి రాదు. ఉద్దేశం లేకుండా ఊపినా తగిలితే అది పొరపాటు, అదీ లెక్కలోకి రాదు. ఆరంభకుల సౌకర్యార్థం, పొరపాటున తగిలిన బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే కొనసాగించవచ్చు.

"అంటే, నాకు అసలు ఉద్దేశమే లేదంటే?" అని అడిగాను.

అధికారిణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఒక ఉద్యోగి ఇంకో ఉద్యోగిని గుర్తుపట్టినట్టు చూసింది.

"ముందుగా ప్రకటించాలి. ప్రతి ఊపుకీ విడిగా. సాక్షి వినాలి."

"వ్రాతపూర్వకంగానా?"

"నోటిమాట చాలు. చివర్లో ఒక ధ్రువపత్రం ఉంటుంది."

గురువారం పాత కార్డు రద్దు చేయించుకుని, మళ్ళీ మొదటి గుంట నుంచి మొదలుపెట్టాను. కర్ర ఎత్తే ముందు గట్టిగా "నాకు ఈ బంతిని కొట్టే ఉద్దేశం లేదు" అనడం, ఊపడం. మా ఆవిడ "విన్నాను" అనడం. చిత్రమేమిటంటే, ఉద్దేశం లేదన్న మాట నోటంట రాగానే చేతులు తేలికపడేవి, బంతి కూడా అప్పుడప్పుడు తగిలేది. ఒకసారి చెట్టుకు కొట్టుకుని తిరిగొచ్చింది. ఒకసారి పక్క గుంటలో ఆడుతున్న ఓ పెద్దమనిషి సంచిలో పడింది. ఆయన దాన్ని బయటికి తీస్తూ, కోపంగా ఏదో అనబోయాడు. "ఆయనకి ఉద్దేశం లేదండీ" అని మా ఆవిడ సర్దిచెప్పింది. రెండు వందల పన్నెండు ప్రకటనల తరువాత, సూర్యుడు కాస్త వాలేసరికి, తొమ్మిదో గుంటలో బంతి పొరపాటున పడింది.

కార్డు తీసుకుని అధికారిణి కూడింది. తొమ్మిది సున్నాలు. మొత్తం సున్న.

ఆవిడ లేచి నిలబడింది. (కౌంటరు మారడానికి కాకుండా ఆవిడ లేవడం అదే మొదలు.) ఆ మైదానం చరిత్రలో అప్పటిదాకా అతి తక్కువ దెబ్బలు ముప్పై మూడట. సున్న కొట్టినవాణ్ణి ఆరంభకుడిగా ఉంచే వీలు నిబంధనల్లో లేకపోవడంతో ఆరంభకత్వం రద్దు చేసి, నన్ను 'అత్యున్నత క్రీడాకారుల' పట్టీలోకి ఎక్కించారు. ఆ పట్టీలో ఇంకెవరూ లేరు. సాక్షి ధ్రువపత్రం మా ఆవిడ ముందు పెట్టారు. 'పై వ్యక్తికి ఆట మొత్తంలో ఏ దశలోనూ, ఏ పని చేసేటప్పుడూ, దాన్ని చేసే ఉద్దేశం లేదని నాకు స్వయంగా తెలుసు' అని ఉంది అందులో.

మా ఆవిడ ఏ కాగితమైనా రెండుసార్లు చదివి, మూడు ప్రశ్నలు అడిగి గానీ సంతకం పెట్టదు. దీని మీద మాత్రం చదువుతూండగానే పెట్టేసింది. నాకు కాస్త అదోలా అనిపించింది గానీ, పని అయిపోయిన సంతోషంలో పట్టించుకోలేదు.

శుక్రవారం పొద్దున మైదానం ముందు పలక మీద నా పేరు, పక్కన పెద్ద సున్న. వియ్యంకుడు దాన్ని రెండుసార్లు చదివి, నన్ను వాటేసుకున్నారు.

"మీరు ఇంతటివారని చెప్పనేలేదే బావగారూ! నేను పాతికేళ్ళుగా ఆడుతూ నలభై ఎనిమిది దాటి కిందికి దిగలేదు. పిల్లలకి లైవులో చూపిస్తున్నాను, ఉండండి."

ఫోను తెర మీద మా అమ్మాయి, పక్కన అల్లుడు, వెనక ఇంకా ఎవరెవరో ముఖాలు. మైదానం అధ్యక్షుడు టై కట్టుకుని వచ్చాడు. గడ్డి కోసేవాళ్ళు యంత్రాలు ఆపేసి నిలబడ్డారు. అందరూ నిశ్శబ్ద పరీక్షలో నెగ్గినవాళ్ళే కాబోలు, చీమ కదల్లేదు. నేను గొంతు సవరించుకుని, "నాకు ఈ బంతిని" అని మొదలుపెట్టబోతుంటే అధికారిణి ఒక కాగితంతో వచ్చింది. ఆ సదుపాయం ఆరంభకులకు మాత్రమేనట. అత్యున్నత క్రీడాకారులకు ఉద్దేశం తప్పనిసరి. 'ఉంది' అన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చెయ్యాలి.

చేశాను.

తెర మీద మా అమ్మాయి పెదవి కొరుక్కుంటోంది. చిన్నప్పుడు బడిలో పద్యం అప్పజెప్పేటప్పుడు మధ్యలో ఆగిపోయి, నా వైపు అలాగే చూసేది. దానికోసం ఈ బంతి తగలాలి. ఒక్కసారి తగిలితే చాలు, ఆ తరువాత ఎటు పోయినా సరే. పళ్ళు బిగించాను, చూపు బంతి మీదే నిలిపాను, నా ఒంట్లో ఉన్న బలమంతా భుజాల్లోకి తెచ్చుకుని ఊపాను.

గాలి వీచింది. బంతి అక్కడే ఉంది.

వియ్యంకుడు, పెద్దమనసున్న మనిషి కాబట్టి, ఫోను కాస్త కిందికి దించి, సాక్షిగా పక్కనే నిలబడ్డ మా ఆవిడను మెల్లగా అడిగారు.

"ఇది ఊరికే అభ్యాసానికి ఊపారు, అంతేగా చెల్లెమ్మా?"

అధికారిణి కలం పట్టుకుని సాక్షి వైపు తిరిగింది. నేనూ తిరిగాను. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆవిడను నేను కళ్ళతో అంతగా బతిమాలుకున్నది లేదు.

"కాదు అన్నయ్యగారూ" అంది మా ఆవిడ. "నిజంగానే కొడదామనుకున్నారు. ఇరవై ఏడేళ్ళలో ఆయన ఒక పని నిజంగా చేద్దామనుకోవడం నేను చూడటం ఇదే మొదలు. ఒకటి వెయ్యండి."