పనైయూరు గుట్టు రక్షణ శిబిరం

పనైయూరు ప్రజల సొంత సంగతులు ఇకమీదట ఫోన్లకూ, కెమెరాలకూ, పరాయి కంపెనీలకూ చిక్కకుండా ప్రభుత్వమే కాపాడుతుందని మంత్రి ఇళంకుమరన్ గారు మైకులో ప్రకటించారు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. వీధివీధికీ కెమెరాలు పెట్టించిందీ ఆయనే. పెట్టించినవాడికి తెలిసినంతగా వాటి కీడు ఇంకెవరికి తెలుస్తుంది?

నా పక్కనున్న అయ్యాక్కణ్ణు, బస్సు కండక్టరుగా రిటైరైనవాడు, చప్పట్లు మరిచి కళ్ళు తుడుచుకున్నాడు. వాడి కష్టం నాకు తెలుసు. పెరటాసి నెలంతా వాడి భార్య కోమళవల్లి పెరుమాళ్ళకు మొక్కుకుని ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వదు. శనివారం ఆవిడ కోవెలకు వెళ్ళగానే వీడు బస్టాండు వెనక మెస్సుకు మటన్ బిర్యానీ తినడానికి పోతాడు. ఈ మధ్య ఆవిడ ఫోన్లో భక్తి పాటలు వింటుంటే నడుమ బిర్యానీ ప్రకటనలు వస్తున్నాయి.

“దానికి తెలిస్తే దీపావళి దాకా గంజే పోస్తుందిరా,” అన్నాడు.

“దేవుడిలాంటి మంత్రి దొరికాడు. పోయి పథకంలో చేరు,” అన్నాను.

శిబిరం కల్యాణ మండపంలో పెట్టారు. అయ్యాక్కణ్ణు వేలిముద్రలు తీసుకున్నారు, కనుపాపలు తీసుకున్నారు, మొహాన్ని అన్ని వైపుల నుంచీ ఫోటో తీశారు.

“దాచాల్సిందేమిటి పెద్దాయనా?” అన్నాడు ఆఫీసరు.

“చెప్పేస్తే ఇంక దాచేదేముంది సార్?”

“చెప్పకపోతే దేన్ని దాచాలో ప్రభుత్వానికెలా తెలుస్తుంది?”

ఎంత లోతైన ప్రశ్న! అయ్యాక్కణ్ణు ఆఫీసరు చెవిలో చెప్పాడు.

“ప్లేటా, అర ప్లేటా? ఎముకలతోనా, మెత్తటి ముక్కలా? పూర్తి వివరాలుంటేనే పూర్తి రక్షణ!”

అన్నీ ఎక్కించాక మంత్రిగారే వచ్చి, పథకంలో మొదటి లబ్ధిదారుడని అయ్యాక్కణ్ణుకు శాలువా కప్పారు.

మా ఊళ్ళో చంటిదాని చెవులు కుట్టినా బ్యానరే, ముసలాయన కన్నుమూసినా బ్యానరే. మొదటి లబ్ధిదారుణ్ణి వదులుతారా? తెల్లారేసరికి నాలుగు రోడ్ల కూడలిలో కొబ్బరిచెట్టును మించిన బ్యానరు లేచింది. అందులో నిలువెత్తున మంత్రిగారు, ఆయన అరచేతిలో చంటిబిడ్డంత అయ్యాక్కణ్ణు. కింద ఇలా వేశారు: “పెరటాసిలో బస్టాండు వెనక మెస్సులో నేను తినే మటన్ బిర్యానీ గుట్టు కాపాడిన అన్నగారికి కోటి దండాలు! ఇట్లు, పేరు చెప్పుకోని లబ్ధిదారుడు.” గోప్యత కోసం అయ్యాక్కణ్ణు కళ్ళ మీద నల్లపట్టీ కూడా వేశారు.

కోవెలకు దారి దాని కిందనుంచే.

కోమళవల్లి కోవెలకు పోలేదు. వెనక్కొచ్చి, మొగుణ్ణి చొక్కా పట్టుకుని ఆ పథకం ఆఫీసుకు ఈడ్చుకుపోయింది. న్యాయం ఎలా జరుగుతుందో చూద్దామని నేనూ వెంటబడ్డాను.

“మీ ఆయనే అని ఎలా పోల్చారమ్మా? కళ్ళకు పట్టీ వేశాంగా!” ఆఫీసరు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“ఆ మీసానికి రంగేసేది నేనేనయ్యా! ఈయన సంగతి ఇంట్లో చూసుకుంటాను, గంజి పొయ్యి మీదే ఉంది. ముందు నువ్వు చెప్పు. ఊరంతా నవ్వేలా ఆ బ్యానరు కట్టించిందెవడు? అంత డబ్బు వాడికెక్కడిది?”

ఆఫీసరు లేచి తలుపు మూశాడు. కిటికీ తెర లాగాడు. గోడ మీది కెమెరాకు తన తువ్వాలు కప్పాడు.

“అలా అడక్కూడదమ్మా,” అన్నాడు. “అది ఒకరి సొంత సంగతి.”