వీపు చూసినవారు

ఆ ఆదివారం పొద్దున సన్యాసిరావు అనుకున్న పని చిన్నది. పండరీ బట్టల బజారుకు వెళ్లి ఓ చొక్కా కొనుక్కోవడం, తిరిగొచ్చి నిద్రపోవడం. రాయపూర్ రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. భార్య సుభద్ర పోయాక సెలవురోజున ఆయనకు అంతకన్నా పనిలేదు. కొట్లో కొత్తది తొడిగి చూద్దామని ఒంటిమీది చొక్కా విప్పేసరికి కొట్టువాడు, "అరే భాయ్‌సాబ్, మీ వీపు మీద ఆ నల్లటిదేమిటి?" అన్నాడు. కొత్త చొక్కా సంగతి అక్కడే మరిచిపోయి, మర్నాడు చర్మం డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

"ఎప్పట్నుంచి ఉంది? పెరుగుతోందా? రంగు మారిందా?" అని అడిగింది డాక్టరమ్మ. "మారుతుంటే కాన్సరేమో చూడాలి. మచ్చను పెద్దది చేసి చూపే పరికరం రిపేరుకెళ్లింది, రేపొస్తుంది. ఈలోగా ఇంట్లో అడిగి రండి."

తన వీపు సంగతి తనకేం తెలుసు? ఇంట్లో అడుగుదామంటే ఎవరూ లేరు. ఇంటికొచ్చి తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో రాశాడు: "గతంలో నా వీపు చూసినవారు దయచేసి తెలియజేయగలరు."

మొదట ఫోను ఎవరో కొట్టేశారనుకున్నారు. తర్వాత, పెళ్లాం పోయిన బెంగతో మతి చలించిందనుకున్నారు. డాక్టరు అడిగిందని వివరించేసరికి అది కాన్సరైపోయింది. సాయంత్రానికి ఒకరు పులిహోర, ఒకరు బత్తాయిలు పట్టుకొచ్చారు. సంఘం కార్యదర్శి ఏకంగా పంతులుగారినే తెచ్చేశాడు. చొక్కా విప్పి హాలు మధ్య కూర్చున్న సన్యాసిరావుకు భయమూ వేసింది, సిగ్గూ వేసింది. కానీ ఇంట్లో ఇన్ని గొంతులు విని ఎన్నాళ్లైందో! లోలోపల సంతోషం కూడా కలిగింది.

పక్క క్వార్టరు పార్వతమ్మ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఓలమ్మో, ఇదేటి బాబూ! సుభద్ర ఎప్పుడూ సెప్పీది కదా. వీపు రుద్దినప్పుడల్లా సబ్బు అక్కడ ఆగిపోతాదని నవ్వీది. శెనగ్గింజంత, కాపీపొడి రంగు అనీది. ఇప్పుడూ అంతే ఉంది."

తన వీపు చూసే మనిషి ఇక లేదని సన్యాసిరావుకు ఆ క్షణాన కొత్తగా తెలిసొచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు. చావుభయమనుకుని పంతులుగారు మృత్యుంజయ మంత్రం అందుకున్నారు.

మర్నాడు డాక్టరమ్మ పరికరం పెట్టి చూసి నవ్వింది. "మైనం అంటించినట్టుంది, అంతే. వయసుతో వచ్చేదే, హాని లేదు. మారితే రండి. నెలకోసారి ఇంట్లో ఎవరినైనా చూడమనండి."

ఆ కబురు గ్రూపులో పెడితే బొటనవేళ్లు బోలెడొచ్చాయి, మనుషులు రాలేదు. ఆ సాయంత్రం ఒంటరిగా కూర్చోలేక మరో కబురు పెట్టాడు: "డాక్టరు సలహా మేరకు ప్రతినెలా మొదటి ఆదివారం మా ఇంట్లో వీపు పరీక్ష. పకోడీలుంటాయి."

నెల మొదటి ఆదివారం ఇల్లు పట్టనంతమంది వచ్చారు. చీకటిపడేదాకా కబుర్లు చెప్పుకుని, పకోడీలు మెచ్చుకుని వెళ్లారు. వీపు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, సన్యాసిరావూ గుర్తు చేయలేదు.