మామగారి పావుగంట

వెండెలిన్ జావర్‌బీర్‌కి ఉన్నది ఒకటే కోరిక. చనిపోయిన మామగారి గది తనకి కావాలి.

ఆస్తి తగాదా అనుకునేరు. అదేం కాదు. ఆ అటక గదిలో ఆయన తన బొమ్మ రైలు పరుచుకోవాలి. సొరంగాలు, వంతెనలు, చీమంత స్టేషన్‌ మాస్టరు, అన్నీ ఉన్న పెద్ద రైల్వే అది. ప్రస్తుతానికి ఆ రైల్వే యావత్తూ పడకగదిలో మంచం చుట్టూ ప్రదక్షిణ చేస్తోంది. పొద్దున్నే భార్య రోస్విత మంచం దిగితే కాలు ప్లాట్‌ఫారం మీద పడుతుంది. పట్టాలకన్నా ముందు ఆయన ప్రాణం విరుగుతుంది.

మార్‌బుర్గ్ పాత ఊళ్ళో కొండ మెట్ల పక్కన ఉంది వాళ్ళ ఇల్లు. దూలాలన్నీ వంకరపోయి, ఎదురింటి గుట్టు వినడానికన్నట్టు వీధిలోకి వంగి ఉంటుంది. జావర్‌బీర్ అంటే అక్కడి భాషలో పులిసిన బీరు. మనిషి మొహమూ ఇంటిపేరుకి తగ్గట్టే ఉందని రోస్విత పెళ్ళినాడే గమనించింది గానీ, అప్పటికే సంతకం పెట్టేసింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వెండెలిన్ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల ఆఫీసులో కూర్చుని, కొత్తగా దిగిన పిల్లలకి ఈ దేశంలో ఎలా బతకాలో చెప్పేవాడు. ఉద్యోగానికి రిటైర్మెంటు వచ్చింది, నోటికి రాలేదు. ఇప్పుడా జ్ఞానమంతా అటక గదిలో ఉంటున్న సర్నై నెత్తిన పడుతోంది. ఆ అమ్మాయి మంగోలియా నుంచి ఒక ఏడాది చదువు కోసం వచ్చింది. నెమ్మదస్తురాలు. చెప్పిందల్లా వింటుంది, అదే ఆమె చేసిన తప్పు.

"ఆదివారం నాడు ఖాళీ సీసాలు వీధి డబ్బాలో వెయ్యకూడదు. చప్పుడైతే ఊరంతా కిటికీల్లోంచి చూస్తుంది" అన్నాడాయన ఒక పొద్దున గుడ్డు పెంకు కొడుతూ. "చలి ఎంతున్నా రోజూ కిటికీ బార్లా తెరిచి గాలి మార్చాలి. పాఠం అయ్యాక చప్పట్లు కొట్టకు. వేళ్ళ కణుపులతో బల్ల మీద టకటకా కొట్టాలి, అదీ ఇక్కడి మర్యాద. ఇంకోటి. విశ్వవిద్యాలయంలో ఐదింటికి అంటే ఐదుంపావుకి అని అర్థం. ఆ పావుగంట ప్రొఫెసర్ల హక్కు. ఐదింటికే వెళ్ళి కూర్చున్నవాణ్ణి చూసి బెంచీలు కూడా నవ్వుతాయి."

"ఆ పిల్లని తిననిస్తావా, లేక ఆ గుడ్డు పొదిగి పిల్లయ్యేదాకా చెబుతూనే ఉంటావా?" అంది రోస్విత.

"నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పరు. హాయిగా ఉంటుంది."

గది సంగతి భార్య దగ్గర ఎత్తితే మాత్రం ఆమె నవ్వు ఆగిపోయేది. ఆమె తండ్రి ప్రొఫెసర్ ఒట్టోకార్ యుద్ధం అయిపోయిన కొత్తలో అట్టపెట్టె పట్టుకుని ఈ ఊరికి చదువుకోడానికి వచ్చాడు. ఉండడానికి చోటు లేక రైల్వే స్టేషన్లో పడుకుంటుంటే, ఈ ఇంటి ముసలామె పిలిచి ఆ అటక గది ఇచ్చింది. తర్వాత ఆయన ప్రొఫెసరయ్యాడు, ఇల్లే కొన్నాడు, కానీ రాతబల్ల మాత్రం ఆ గదిలోంచి కదపలేదు. చివరికి ఆ బల్ల దగ్గరే పోయాడు.

"ఆ కిటికీలో దీపం ఆరకూడదని నాన్న అడిగాడు. ఎవరో ఒకరు అక్కడ చదువుకుంటూ ఉండాలి" అంది రోస్విత.

"నేనూ చదువుతాగా."

"రైళ్ళ టైం టేబులా?"

ఆ దెబ్బతో వెండెలిన్ బుర్రలో పథకం పుట్టింది. తను పొమ్మంటే తప్పు. ఆ అమ్మాయే పోతానంటే ఎవరికీ దోషం లేదు.

నవంబరులో ఆ ఊళ్ళో గది దొరకడం కలలో మాట. గది లేకపోతే అడ్రసు లేదు, అడ్రసు లేకపోతే టౌన్‌హాల్లో పేరు నమోదు కాదు, అది కాకపోతే ఉండడానికి అనుమతి లేదు, తిరుగు విమానమే గతి. ఈ సంగతి ఊరంతటిలోకీ వెండెలిన్‌కే బాగా తెలుసు. అందుకని కాస్త సిగ్గుపడ్డాడు. కాస్తే.

మర్నాడు పొద్దున రోస్విత పాలు తేవడానికి వెళ్ళగానే ఆయన గొంతు తగ్గించాడు. "నీకు ఇంకో సంగతి చెప్పాలి. మా మామగారు గురువారాలు సాయంత్రం ఆ గదిలోనే పెద్ద విద్యార్థులకి గోష్ఠి పెట్టేవారు. పోయింది కూడా గురువారమే. అప్పట్నుంచీ గురువారం ఐదింటికి వస్తుంటారు."

సర్నై చెంచా కింద పెట్టింది. "వచ్చి?"

"మూడుసార్లు కొడతారు. అంతకుముందున్న పిల్లలంతా అందుకే వెళ్ళిపోయారు. నీకూ హాస్టల్ చూసుకోమనే నా సలహా."

"మా అవ్వ ఒక మాట అంటుంది" అంది సర్నై ఆలోచిస్తూ. "వచ్చింది ఎవరైనా సరే, ముందు టీ పోసి తర్వాత పేరడగమని."

ఈ జవాబు వెండెలిన్ పథకంలో లేదు.

గురువారం వచ్చింది. నది మీంచి లేచిన మంచు మధ్యాహ్నానికే కొండెక్కి మెట్లు మింగేసింది. నాలుగున్నరకే చీకటి. వెండెలిన్ గొడుగుల బుట్టలోంచి మామగారి చేతికర్ర లాగి, పిల్లిలా అటకెక్కి, గది పక్కనున్న సామాన్ల కొట్టులో దూరాడు. మధ్యలో ఉన్నది పలచటి చెక్కగోడ. టౌన్‌హాలు గడియారం మీది రేకు కోడిపుంజు రెక్కలు ఆడించి ఐదు కూసింది. ఆయన గోడ మీద కర్రతో మూడు దెబ్బలు వేశాడు.

కెవ్వుమని కేక వస్తుందనుకున్నాడు. ఏమీ రాలేదు. కాసేపటికి గోడ అవతల బల్ల మీద టకటకా చప్పుడైంది. మర్యాదగా, వేళ్ళ కణుపులతో.

రాత్రి భోజనాల దగ్గర సర్నై బంగాళాదుంప సూప్ తాగుతూ, "ఇవాళ ఎవరో వచ్చి గోడ కొట్టారండీ" అంది.

"చెప్పానా, మామగారే" అన్నాడు వెండెలిన్. "భయమేసిందా?"

"లేదండీ. ఆయన ప్రొఫెసర్ గారు కాదు. కోడి కూస్తుండగానే కొట్టారు. ప్రొఫెసర్లు పావుగంట తర్వాత గానీ రారని మీరేగా చెప్పారు."

రోస్విత గరిటె పట్టుకుని పెద్దగా నవ్వింది. "నిజమేనమ్మా. మా నాన్న జన్మలో ఏ పనీ గంట కొట్టగానే మొదలుపెట్టలేదు. నా పెళ్ళికి కూడా పావుగంట తర్వాతే వచ్చాడు, పాదిరీ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆఖరి రోజున డాక్టరు ఐదు దాటదన్నాడు. నాన్న ఐదుంపావు దాకా ఆగాడు." కళ్ళు తుడుచుకుని మొగుడివైపు చూసింది. "ఐదింటికి ఠంచనుగా వచ్చే దెయ్యం ప్రొఫెసరు కాదు, ఆఫీసు గుమాస్తా అయుండాలి."

వెండెలిన్‌కి సూప్ అడ్డం పడింది.

"నెమ్మదిగా తాగు. ఆ స్వెట్టరు మీద సాలెగూడేంటి?"

"నేలమాళిగలోది."

"మన నేలమాళిగలో సాలీళ్ళు లేవు. నేను ఉండనివ్వను" అంది రోస్విత. ఆపైన ఏమీ అనలేదు. అనకపోవడం ఆమె అలవాటు కాదని ఆయనకి తట్టి ఉండాల్సింది.

తట్టలేదు. రాత్రంతా ఆయన ఆలోచించింది ఒక్కటే. పొరపాటు సమయంలో ఉంది, పథకంలో లేదు. వచ్చే గురువారం ఐదుంపావుకే కొట్టాలి. అప్పుడు భార్య కూడా నమ్ముతుంది.

ఆ గురువారం మంచు ఇంకా ముదిరింది. ఎదురిల్లు కనబడలేదు. చర్చి గంట కూడా దుప్పట్లో చుట్టి మోగించినట్టు వినబడింది. వెండెలిన్ ముందే వెళ్ళి కొట్టులో నక్కాడు. చెక్కల సందులోంచి దీపం వెలుగు సన్నగా పడుతోంది, అంటే అమ్మాయి లోపలే ఉంది. కింద వంటింట్లో రోస్విత ఏదో కూనిరాగం తీస్తోంది.

కోడి ఐదు కూసింది. ఆయన కదల్లేదు. చీకట్లో పావుగంట కూర్చోవడం మాటలు కాదు. పాత పెట్టెలు, చిరిగిన తెరలు, గోడకి తగిలించిన మామగారి నల్ల కోటు. ఆ కోటు ఇందాక తలుపు వైపుకి ఉందా, ఇటు వైపుకి ఉందా? ఉన్నట్టుండి కింద కూనిరాగం ఆగిపోయింది. ఇల్లంతా ఊపిరి బిగపట్టినట్టయింది.

చర్చి గంట పావు కొట్టింది. వెండెలిన్ కర్ర ఎత్తాడు.

టక్. టక్. టక్.

ఆయన కొట్టలేదు. కర్ర ఇంకా గాల్లోనే ఉంది. గోడ అవతల, రాతబల్ల దగ్గర, తొందరేమీ లేని చెయ్యి ఎవరిదో మూడుసార్లు కొట్టింది. క్లాసు మొదలవుతుంది, నిశ్శబ్దం అన్నట్టుగా.

అమ్మాయే అనుకోబోయాడు. అంతలో చప్పుడు లేచింది. ఒక చెయ్యి, రెండు, నాలుగు, ఆపైన లెక్క తెలియలేదు. హాలు నిండా కూర్చున్నవాళ్ళు లోపలికొచ్చిన గురువుగారికి మర్యాద చేస్తున్నట్టు చెక్కల మీద కణుపుల చప్పుడు. గోడ అదిరింది, ఆయన పళ్ళూ అదిరాయి. తర్వాత ఒక్కసారిగా అంతా ఆగిపోయింది.

ఎలా తెగించాడో ఆయనకే తెలియదు, గది తలుపు తోశాడు. దీపం వెలుగుతోంది. కిటికీ బార్లా తెరిచి ఉంది, మంచు లోపలికొచ్చి బల్ల మీద పాకుతోంది. కుర్చీ ఎవరో ఇప్పుడే లేచినట్టు వెనక్కి జరిగి ఉంది. మనిషి లేడు. మామగారు ఎప్పుడూ చప్పరించే పిప్పర్‌మెంటు వాసన ముక్కుకి తగిలింది.

వెండెలిన్ మెట్లు దిగలేదు. మెట్లే ఆయన్ని కిందికి దించాయి. ఆయన అడుగున చతికిలబడే సమయానికి వీధి తలుపు తెరుచుకుంది. రోస్విత, సర్నై రొట్టెల సంచీతో లోపలికొచ్చారు. ఇద్దరి జుట్టు మీదా మంచు తడి.

"మీరు... మీరిద్దరూ బయట ఉన్నారా?"

"రొట్టె ఇంట్లో పండదుగా" అంది రోస్విత. "మా నాన్న కర్ర నీ చేతిలో ఎందుకుంది?"

ఆయన కర్ర వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు. "మామగారు వచ్చారు."

"వస్తుంటారని నువ్వే చెప్పావటగా."

"అది నేను కల్పించిందే రోస్వితా. ఆ రోజు గోడ కొట్టింది నేనే. ఇప్పుడు మాత్రం నేను కాదు."

రోస్విత ఆయన్ని వంటింట్లో కూర్చోబెట్టి ఇంత ద్రాక్షసారా పోసింది. నెత్తిమీద నేల చెక్కలు కిర్రుమన్నాయి, వెనక మెట్లు కూడా. ఆమె అదే సమయానికి గిన్నెలు గట్టిగా సర్దడం మొదలుపెట్టింది.

"అయితే నేను గది ఖాళీ చెయ్యమంటారా?" అని అడిగింది సర్నై. "పట్టుపట్టి వెతికితే ఏదో..."

"వద్దు" అన్నాడు వెండెలిన్. ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "వెళ్ళొద్దు తల్లీ. ఆ గది ఖాళీగా ఉండకూడదు. నువ్వుంటే ఆయన నిన్ను చూసుకుంటారు. లేకపోతే నన్ను చూసుకుంటారు."

"ఉంటానండీ. కానీ గురువారాలు నేనొక్కదాన్నే అంటే బాగుండదు. ఒక్క విద్యార్థితో గోష్ఠి ఏం జరుగుతుంది?"

"అవును, ఇంకొకరుండాలి" అంది రోస్విత. "తెలిసిన మనిషైతే మంచిది."

అలా కుదిరింది ఒప్పందం. బొమ్మ రైలు బొగ్గుల గదిలోకి దిగింది. చలికాలమంతా, వసంతమంతా ప్రతి గురువారం సాయంత్రం వెండెలిన్ అటక గదిలో మూల స్టూలు మీద చేతులు కట్టుకు కూర్చునేవాడు. సర్నై చదువుకునేది, ఆయన బిగుసుకుపోయి ఆ ఖాళీ కుర్చీని చూసేవాడు. ఏమీ జరిగేది కాదు. జరగదని ఒక్క వారమూ నమ్మకం కుదరలేదు. సీసాలు కూడా తనే మోసుకెళ్ళి డబ్బాలో వేసొచ్చేవాడు, ఆదివారం తప్ప.

ఎండాకాలం వచ్చింది, సర్నై చదువు అయిపోయింది. వెళ్ళే ముందు రోజు, అదీ గురువారమే, వీడ్కోలు చెప్పడానికి ఆమె తోటి విదేశీ పిల్లలు కొందరు వచ్చి వంటింటి బల్ల చుట్టూ ఇరుక్కున్నారు. రోస్విత చెర్రీ కేకు తెచ్చి బల్ల మీద పెట్టింది. పిల్లలు అలవాటుగా కణుపులతో బల్ల మీద టకటకా కొట్టారు.

వెండెలిన్ చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ చప్పుడు ఆయన చెవులకి బాగా గుర్తుంది. ఒక్కొక్కరి మొహం వంక చూశాడు. పిల్లలు కేకు వంక చూశారు. సర్నై బుగ్గలు కందిపోయాయి. రోస్వితకి ఉన్నట్టుండి కాఫీ కూజాలో ఏదో పని పడింది.

"ఎక్కడ దాక్కున్నార్రా?" అన్నాడు చివరికి.

"కొంతమందిమి అలమరలో" అన్నాడొక పొడుగు కుర్రాడు. "మిగిలినవాళ్ళు మంచం కింద. తర్వాత వెనక మెట్ల మీంచి దిగిపోయాం. క్షమించండి."

"పిప్పర్‌మెంటు?"

"నాన్న డబ్బాలోవి, నేనే ఇచ్చాను" అంది రోస్విత. "దిక్కులేని పిల్లని చలికాలంలో వీధిలోకి తోలబోయావు వెండెలిన్. నీకు ఆ మాత్రం గోష్ఠి అవసరమే."

ఆయన తల దించుకున్నాడు. తర్వాత, చేసేదేం లేక, తనూ నవ్వాడు. అందరికీ ఊపిరి వచ్చింది. "బాగానే చేశారు. ఆ మూడు దెబ్బలకి మాత్రం నా ప్రాణాలు పోయాయి. ఎవరురా అవి కొట్టింది?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అవి మీరు కొట్టినవేగా" అన్నాడు పొడుగు కుర్రాడు. "మీరు మూడు కొట్టగానే మేం అందుకోవాలని సర్నై చెప్పింది. మీవి వినబడగానే మొదలుపెట్టాం."

"నేను కొట్టలేదు" అన్నాడు వెండెలిన్. "కర్ర ఎత్తాను. అంతే."

కేకు మీది క్రీము మెల్లగా జారింది.

"ఇప్పుడైతే గది ఖాళీయే" అంది రోస్విత, చాలా మెత్తగా. "నీ రైలు పైకి తెచ్చుకుంటావా?"

"వద్దులే" అన్నాడాయన. "బొగ్గుల గదిలో సొరంగం సహజంగా కుదిరింది. అక్టోబరులో ఎవరో పిల్ల వస్తోందట, నేనే ఆఫీసుకి వెళ్ళి గది ఉందని చెప్పొచ్చాను."

బయట రేకు కోడి రెక్కలు ఆడించి ఐదు కూసింది. అందరి తలలూ పైకి లేచాయి. పొడుగు కుర్రాడు కుర్చీ వెనక్కి తోసి లేవబోయాడు.

రోస్విత అలమర తెరిచి తండ్రి కప్పు తీసింది. కొంగు లేని మనిషి కనక వంటగుడ్డతో దాన్ని తుడిచి, బల్ల చివర పెట్టి, నిండా కాఫీ పోసింది.

"కూర్చో నాయనా, కేకు తిను" అంది. "ఇంకా పావుగంట ఉంది."