మిస్సింగ్ ఉన్న బండే బండి!

మీ బండి ఇంజను చప్పుడు లేకుండా నున్నగా నడుస్తోందా? అయ్యో పాపం! అయితే ఇరుగుపొరుగు ఆదరణ అంటే ఏమిటో తెలియకుండానే బతికేస్తున్నారన్నమాట. మనిషన్నాక ఒక పాత పికప్పు, దాని ఇంజనుకు ఉండుండి దగ్గి ఆగిపోయే ఒక మొండి మిస్సింగ్ ఉండి తీరాలి. నమ్మరా? అశోక్ నగర్ మంజుల సంగతి వినండి.

మంజుల మెస్ నడుపుతుంది. మధ్యాహ్నానికల్లా వండి, అన్నం గిన్నెలు, సాంబారు క్యాన్లు తన పాత పెట్రోల్ పికప్పులో ఎక్కించి, తానే నడుపుకుంటూ చిక్కడపల్లిలోని ఒక హాస్టల్‌కు చేరుస్తుంది. ఇన్నేళ్లుగా దారిలో ఆమెను పలకరించిన పాపాన పోయినవాళ్లు లేరు. మిస్సింగ్ మొదలైందో లేదో, లోకమంతా చుట్టమైపోయింది!

సందు దాటిందంటే చాలు, బండి టప్... టప్... అని తుమ్మేది. ఆ కుదుపులకు సాంబారు మూతలు ఎగిరేవి. ఒక్కోసారి నడిరోడ్డు మీదే మొరాయించేది. అంతే, వైద్యులు మూగేవారు! ఇస్త్రీ బండాయన పెట్రోల్లో కల్తీ అన్నాడు. ఎదురింటి విద్యావతి గారు దిష్టి అని తేల్చి, బంపరుకు నిమ్మకాయలు కట్టించారు. హాస్టల్లో ఉండి ఏళ్ల తరబడి గ్రూప్స్‌కు చదువుతున్న క్రాంతికుమార్ మాత్రం శాస్త్రీయంగా ఆలోచించాడు.

"అక్కా, నాలుగు ఆప్షన్లున్నయ్. ఒకటి పెట్రోలు, రెండు ప్లగ్గు, మూడు గాలి, నాలుగు పైవన్నీ."

"ఏది కరెక్టు తమ్మీ?"

"కీ ఇంకా రాలేదక్కా!"

ఇక నారాయణగూడలో మెకానిక్ ఎల్లేశం షెడ్డుకు వెళ్తే అసలు వినోదం. అక్కడికి చేరేసరికి బండి, ఇన్‌స్పెక్షన్ నాటి బడిపిల్లాడిలా ఎంత బుద్ధిగా ఉండేదో!

"దీనికేం రోగం లేదక్కా. నీ చెవులల్లనే టప్ టప్ అంటున్నట్టుంది" అన్నాడు ఎల్లేశం. అన్నాడని చేతులు ఊరుకుంటాయా? ప్లగ్గులు మార్చాడు. ఫిల్టర్ మార్చాడు. ట్యాంకు కడిగాడు. మర్నాడు మళ్లీ టప్!

హాస్టల్లో పిల్లలు ఖాళీ కంచాలతో మెట్ల మీద కూర్చున్నారు. హాస్టల్ యజమాని జోగారావు గేటు దగ్గరే అడ్డంగా నిలబడ్డాడు.

"చూడమ్మా మంజులా, క్లాసులు పోగొట్టుకుని నీ కోసం కాచుక్కూర్చోలేరు పిల్లలు. ఇంకొక్కసారి లేటైతే వేరే మెస్ చూసుకుంటాం."

 ఆ హాస్టల్ పోతే రేపటినుంచి పొయ్యి ఎవరికోసం వెలిగించాలి? తిరుగుదారిలో మంజుల నిమ్మకాయలు తెంపి విసిరేసింది.

మర్నాడు సందులో ఎవరిదో పెళ్లి. అడ్డంగా షామియానా వేశారు. తిట్టుకుంటూ చుట్టుదారిలో వెళ్లింది. ఒక్క టప్పు కూడా లేదు! కంచాలు కడిగేలోపే అన్నం చేరింది. మంజుల మాత్రం స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. రోజూ దారిలో ఉండి, ఇవాళ లేనిదేమిటి?

సందు మలుపులో పొంగే డ్రైనేజీ మడుగు!

అది ఎప్పటినుంచో పొంగుతోంది. ఎంత పాతదంటే, అదొకటి ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. స్కూటరు మీద వెళ్లేవాళ్లు అక్కడికి రాగానే, మాట ఆపకుండానే కాళ్లు పైకెత్తేవాళ్లు.

మంజుల నేరుగా ఎల్లేశం దగ్గరికి వెళ్లింది. ఇంజను ఆన్‌లో ఉండగానే దాని మీది సీటు లేపి, చెంబులో నీళ్లు తీసుకుని ప్లగ్గు వైరు మీద చిలకరించింది.

టప్... టప్... టప్!

"ఓరి దీని!" ఎల్లేశం టార్చి వేసి వంగాడు. వైరుకు వెంట్రుక మందాన పగులు. "మురికినీళ్లు చిమ్మితే మిస్సింగు. నా దగ్గరికొచ్చేసరికి ఇంజను వేడికి ఆరిపోతున్నయ్. మస్తు పట్టినవక్కా!"

కొత్త వైరు వేసి, పైన రబ్బరు తొడిగాడు. మిస్సింగ్ పోయింది. జోగారావు శాంతించాడు. ఇక్కడితో ఊరుకుంటే మంజుల ఎందుకవుతుంది? మలుపులో రోజూ ఎవరో ఒక పిల్ల స్కూటీ తోసుకుంటూ కనిపిస్తూనే ఉంది. దాంతో మంజుల డ్రైనేజీ ఆఫీసుకు వెళ్లింది.

"ఇంజను సమస్యలు మా పరిధిలోకి రావమ్మా" అన్నాడు ఆఫీసరు.

"ఇంజను బాగనే ఉన్నది సార్. ఖరాబైంది మీ డ్రైనేజీ."

ఆఫీసువాళ్లు వెంటనే స్పందించారు! మడుగు పక్కన పచ్చరంగు బోర్డు పాతారు: 'జాగ్రత్త, నీరు నిలుచు ప్రదేశం'. ఇంతకన్నా ఎవరైనా ఏం చేయగలరు చెప్పండి?

మంజులకు మాత్రం ఏదో వెలితిగా తోచింది. బ్రష్షు తెచ్చి, బోర్డు కింద ఆ ఆఫీసరు ఫోన్ నంబరు రాసి, 'బండి ఆగినచో సంప్రదించండి' అని చేర్చింది. ఇక సంప్రదింపులే సంప్రదింపులు! "సార్, స్కూటీ ఆగింది, జర వచ్చి తోస్తరా?" అని ఒకరు. "సార్, చెప్పు ఒకటి కొట్టుకపోయింది, మీదిక్కేమన్న వచ్చిందా?" అని ఇంకొకరు.

మర్నాడు పొద్దున్నే ఎన్నడూ లేనిది ఆఫీసు జీపు వచ్చింది. ఇద్దరు దిగి, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకుని, మురికిలోకి నడిచారు. జనం ఆశగా చూస్తున్నారు. వాళ్లు శ్రద్ధగా ఆ నంబరు మీద రంగు పూశారు. డబ్బాకు మూత బిగించారు.

వెళ్తూ వెళ్తూ ఒకతను ముక్కు మూసుకుని, "ఇంత వాసనల ఎట్లుంటున్నరమ్మా?" అని జాలిపడ్డాడు.

"డబ్బల ఇంకా రంగు మిగిలిందా సార్?" అంది మంజుల. "మిగిలితే ఆ నీళ్ల మీద గూడ పుయ్యిన్రి. మీకు కనవడకుండ అయితది."