పదకొండు పక్కన పన్నెండు

ఆ ఉదయం ఫ్రాన్సిస్ వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి విచారణకు వెళ్లాలి, ఉద్యోగం నిలబెట్టుకోవాలి, పదకొండుకల్లా క్రేను ఎక్కాలి. హార్బరులో సరుకు దించే కంపెనీ అతన్ని తీసేయాలని చూస్తోంది. నిరుడు మార్చి సమ్మెలో గేటు మూయించాడని అభియోగం. మూయించిన మాట నిజమే. ఆ రోజు ఫోటో తీసినవాడే లేడు.

అయినా కంపెనీ ఒక ఫోటో పట్టుకొచ్చింది: గేటు ముందు పిడికిలెత్తిన ఫ్రాన్సిస్. ఫ్రాన్సిస్ దగ్గరా ఒక ఫోటో ఉంది: అదే రోజు మేనల్లుడి బాప్తిస్మంలో బిడ్డనెత్తుకున్న ఫ్రాన్సిస్.

పూర్ణా మార్కెట్ దగ్గర స్టూడియో పెట్టుకున్న జ్ఞానశేఖర్ ముందురోజే ఒక కిటుకు చెప్పాడు. ఫిల్ము చేసేవాళ్లు దాని అంచున ఏడాదికో గుర్తు అచ్చువేస్తారు. నిరుడు చుక్క, ఈ ఏడు త్రికోణం. ఫోటోలో అంచు కనపడదు, నెగటివ్ అడగమన్నాడు.

విచారణాధికారి గురునాథరావు. జీతం కంపెనీదే. ఫ్రాన్సిస్ అడిగిన నెగటివ్ వెతకడానికి గంట పట్టింది. ఆ గంటలో కబురు కూలీల షెడ్డంతా పాకి కిటికీ నిండా తలకాయలు మొలిచాయి. తీరా వస్తే గుర్తు చదివేవాడు లేడు. జ్ఞానశేఖర్‌నే పిలిపించమన్నాడు ఫ్రాన్సిస్. అతను భూతద్దంతో వచ్చి నెగటివ్‌ను వెలుగుకు పట్టాడు.

"త్రికోణం. ఈ ఏడు చేసిన ఫిల్మండి."

"ఇన్నారా బాబూ? సమ్మెనాటికి ఈ ఫిల్ము పుట్టనేలేదు," అన్నాడు ఫ్రాన్సిస్. "మొన్న మేడే సెలవునాడు గేటుకాడ నినాదాలిత్తుంటే తీసిందిది. దొంగసాచ్చికం ఎట్టి నా కూడు తీసేత్తారా?"

కిటికీ చప్పట్లు కొట్టింది. గురునాథరావు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"మంచి పద్ధతి. మీ నెగటివ్ కూడా ఇలా ఇవ్వండి."

ఎదుటివాడి అబద్ధం పట్టే హడావుడిలో ఫ్రాన్సిస్ తన జేబులోదాన్ని మరిచాడు. మేడే సాయంత్రం పొరుగింటి అప్పలమ్మ బిడ్డను అరువు తెచ్చుకుని జ్ఞానశేఖర్ చేతనే తీయించిన బాప్తిస్మం అది.

జ్ఞానశేఖర్‌కు వృత్తి ముందు స్నేహం లేదు. ఇదీ త్రికోణమేనన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ముచ్చటపడి రెండు ముక్కలనూ బల్లమీద పక్కపక్కన పెట్టాడు. అంచున నంబర్లు పదకొండు, పన్నెండు. కత్తెర గాటు సరిగ్గా అతికింది.

"ఏటి శేకరూ ఇది?" అన్నాడు ఫ్రాన్సిస్, గొంతు తగ్గించి.

"పొద్దున్న కంపెనీవోళ్లు పిలిసారు, సాయంత్రం నువ్వు పిలిసావు. మిగిలిన రీలు పారేత్తానేటి బావా?"

ఒక అబద్ధం కాగితం మీద రాస్తే రెండోదీ రాయాలి. గురునాథరావు ఆధారాల్లేవని అభియోగం కొట్టేసి, రెండు నెగటివ్‌లనూ ఒకే కవరులో పెట్టి లక్క వేశాడు. ఫ్రాన్సిస్ మధ్యాహ్నానికి క్రేను ఎక్కాడు.

ఆ రీలులో పదమూడో నంబరులో ఎవరున్నారని మాత్రం రెండు పక్షాల్లో ఎవరూ అడగలేదు.